కడిగిన గొట్టమా, కాల్చిన గొట్టమా: మూతి నుంచి దట్టించే రైఫిల్‌కి గోదావరి తేమలో ఏ పద్ధతి నయం

శుభ్రంగా తుడిచి పెట్టిన రైఫిల్‌తో మొదటి గుండు వేస్తే ఒక చోట తగులుతుంది. రెండోది దానికి రెండు మూడంగుళాలు పైకో పక్కకో పోతుంది. మూడు, నాలుగు, ఐదు మళ్లీ దగ్గర దగ్గరగా పడతాయి. మూతి నుంచి మందు పోసి దట్టించే రైఫిల్ వాడేవాళ్లలో ఇలాంటి టార్గెట్ అట్ట చూడనివాళ్లు ఉండరు. చాలామంది వెంటనే గురి చూసే సైటు తిప్పేస్తారు. పాపం, సైటు ఏ తప్పూ చెయ్యలేదు. మొదటి గుండు ఉత్త ఇనుము మీద జారింది, మూడోది మసి మీద రాసుకుంటూ వెళ్లింది. అవి రెండు వేరే వేరే గొట్టాల కింద లెక్క. మసి పట్టేకొద్దీ గొట్టం బిగుతవుతుంది, గుండు కదలడానికి ఒత్తిడి ఎక్కువ కావాలి, వేగం మారుతుంది, దాంతో తగిలే చోటూ మారుతుంది.

కాబట్టి తేల్చుకోవాల్సింది ఒకటే: గొట్టాన్ని ఏ స్థితిలో ఉంచి ప్రతిసారీ కాల్చగలరు? వాడుకలో ఉన్న దారులు మూడు. గుండుకీ గుండుకీ మధ్య కాస్త తడిపిన గుడ్డ తోసి, ప్రతిసారీ దాదాపు కడిగిన గొట్టంతో కాల్చడం ఒకటి. ముందే ఒకసారి కాల్చి మసి పట్టించి, ఆ మసి మీదే అసలు గుండు వేయడం రెండోది. గుండుకి చుట్టే గుడ్డనే మెత్తటి కొవ్వుతో తడిపి, అదే ప్రతిసారీ పాత మసిని తుడుచుకుంటూ పోయేలా చూసుకోవడం మూడోది.

అమలాపురం, భీమవరం, నరసాపురం గాలిలో ఉన్నవాళ్లకి మేం చెప్పేది మొదటిదే. ఎందుకో కింద చెబుతాం. మిగతా రెండూ చెడ్డవని కాదు, వాటికి వేరే వాతావరణం కావాలి, లేదా వేరే పని ఉండాలి.

వేట గురించి ముందే ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువుల వేట నేరం. ఆయుధం ఉంచుకోవాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. తాతల నాటి తుపాకీ అయినా సరే. అందుకని ఇక్కడ చెప్పేదంతా లైసెన్సున్న ఆయుధంతో రేంజిలో టార్గెట్ కొట్టేవాళ్లకి. వేట ఊసు వచ్చిన చోట, కోనసీమ నుంచి వెళ్లి టెక్సస్‌లోనో పెన్సిల్వేనియాలోనో స్థిరపడి, అక్కడ ఈ రకం తుపాకులకే కేటాయించిన సీజన్‌లో పర్మిట్‌తో జింక వేటకి వెళ్లే మనవాళ్లని దృష్టిలో పెట్టుకున్నాం.

మసి ఎందుకు ఒక్కలా ఉండదు

పాతకాలం తుపాకీ మందు అంటే నూటికి 75 పాళ్లు పెట్లుప్పు, 15 బొగ్గు, 10 గంధకం. కాలినప్పుడు అందులో సగం కూడా గాలిగా మారదు. సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగతో బయటికి పోతుంది, మిగిలింది గొట్టానికి పూతలా పడుతుంది. ఆ పూతలో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు. వాటిలో పొటాషియం కార్బొనేట్‌కి గాలిలో తేమని తాగే గుణం ఉంది. సార్వా నాట్ల రోజుల్లో వంటింట్లో ఉప్పు డబ్బా చెమరుస్తుంది చూడండి, గొట్టంలో జరిగేదీ అదే. ఉదయం పొడిగా, బూడిద రంగులో ఉన్న పూత సాయంత్రానికి నల్లటి మడ్డి అవుతుంది, తెల్లారేసరికి దాని కింద ఎర్రటి చుక్కలు కనబడతాయి.

రోహిణి కార్తె వడగాలిలో కథ తిరగబడుతుంది. తేమ తగ్గి, గొట్టం వేడెక్కి, మసి అన్నం గిన్నె అడుగు మాడులా గట్టిపడుతుంది. నాలుగో గుండు సగం దాకా దిగి మొండికేస్తుంది. అదే తుపాకీ, అదే మందు, సంక్రాంతి మంచులో ఒకలా, మే నెలలో ఇంకోలా నడవడానికి కారణం ఇదే.

మసి పట్టించి అలాగే ఉంచడం

అమెరికాలో పొడి చలి ఉండే రాష్ట్రాల్లో చాలామంది వేటగాళ్ల అలవాటు ఇది. ఉదయాన్నే ఒకసారి కాలుస్తారు, లేదా క్యాంపుకి వచ్చిన రోజు కాలుస్తారు. ఆ మసి మీద గుండు దట్టించి బయల్దేరతారు. గాలి పొడిగా ఉంటే పూత ఆ పూటంతా మారదు. సైటు కూడా మసి పట్టిన గొట్టానికే సరిచేసి పెట్టుకుంటారు కాబట్టి లెక్క తప్పదు.

డెల్టాలో ఇది ఎక్కడ దెబ్బతింటుందంటే, నాలుగు గంటలు దాటితే ఆ మసి మొదటి మసి కాదు. తడి తాగి జారుడుగా మారితే గుండు ఒకచోట తగులుతుంది, ఎండకి బిగిస్తే ఇంకోచోట. పైగా తడిసిన మసి మందు అడుగు పొరని చెమ్మగిల్లేలా చేస్తుంది. క్యాప్, అంటే మందుకి నిప్పు అందించే చిన్న టోపీ, పేలుతుంది, మందు ఆలస్యంగా అంటుకుంటుంది. టప్ అని ఒకటి, అర క్షణం ఆగి ధన్ అని ఇంకోటి వినబడితే జరిగింది ఇదే. ఆ అర క్షణంలో మూతి పక్కకి కదిలిపోయి ఉంటుంది. అందుకే క్యాప్ పేలినా మందు అంటుకోకపోతే కనీసం ఒక నిమిషం మూతిని టార్గెట్ వైపే ఉంచాలి, వెంటనే దించకూడదు.

ఈ పద్ధతే కావాలనుకుంటే ఒక షరతు: మసి పట్టించిన గంటలోపు అసలు గుండు అయిపోవాలి, అదే రోజు కడగాలి. రేపు చూద్దాంలే అనుకునేవాళ్లు ఈ పద్ధతి జోలికి పోవద్దు.

గుండుకో తడిగుడ్డ

చెబితే ఇంతేనా అనిపిస్తుంది. చేసేటప్పుడు నాలుగు చోట్ల పొరపాటు జరుగుతుంది.

గుడ్డ ఎంత తడిగా ఉండాలన్నది మొదటిది. నీళ్లు పిండితే చుక్క రాకూడదు, వేలితో నొక్కితే వేలికి చెమ్మ తగలాలి. అంతే. ఎక్కువ తడిస్తే మసి కరిగి జావలా కిందికి కారి, నిప్పు లోపలికి వెళ్లే దారిని మూసేస్తుంది. తర్వాత క్యాప్ మీద క్యాప్ పేలుతుంది, మందు మాత్రం అంటుకోదు. రేంజిలో ఇలా ఇరుక్కున్నవాళ్లలో ఎక్కువమంది తుపాకీని అతిగా కడిగినవాళ్లే.

రెండోది దట్టించే కడ్డీ చివర బిగించే ఇత్తడి ముక్క, అంటే జాగ్. అది గొట్టానికి మరీ బిగుతుగా ఉంటే లోపలికి వెళ్తూ మసిని ముందుకి తోసుకుపోయి అడుగున గార కట్టిస్తుంది. ఒక పిసరు సన్నంగా ఉండాలి. అప్పుడు గుడ్డ వెళ్లేటప్పుడు మసి మీదుగా జారిపోతుంది, వచ్చేటప్పుడు ముడతపడి లావై మసిని బయటికి లాక్కొస్తుంది. ఇత్తడి ముక్క బిగుతైతే లేత్ షాపులో అతి కొద్దిగా తిప్పించుకోండి.

మూడోది తోసే తీరు. ఒకేసారి అడుగుదాకా తోసి, రెండు సెకన్లు ఆగి, మెల్లగా లాగండి. గుడ్డ తిరగేసి మళ్లీ ఒకసారి. తర్వాత పొడి గుడ్డ ఒకటి. గిన్నె తోమినట్టు పైకీ కిందికీ ఆడించడం వల్ల పని పెరగడమే కానీ మసి తగ్గదు. కడ్డీ మూతి అంచుకి రాసుకోకుండా చూడండి. ఆ అంచు ఒక పక్క అరిగితే గుండు బయటికి వచ్చేటప్పుడు ఆ పక్కకే ఒరుగుతుంది, ఆ తర్వాత ఏ పద్ధతి పాటించినా అరిగింది తిరిగి రాదు.

నాలుగోది మరిచిపోవడం. మూడు గుండ్లకి ఒకసారి తుడుస్తాం అంటే, మీ దగ్గర మూడు రకాల గొట్టాలు ఉన్నట్టు. ప్రతి గుండుకీ తుడవండి, లేదా అసలు తుడవకండి.

ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. గొట్టంలో ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలితే తడిగుడ్డ దాన్ని ఆర్పేస్తుంది. గుండు వేశాక ఒక నిమిషం ఆగి, తుడిచి, అప్పుడే మందు పోయాలి. పోసేది డబ్బాలోంచి నేరుగా కాదు, కొలత గొట్టంలోంచి. రవ్వ తగిలితే కొలతలో ఉన్నదే అంటుకుంటుంది, డబ్బా పేలదు. ముఖం, అరచెయ్యి మూతికి ఎదురుగా పెట్టకూడదు.

మొదటి గుండుకి ముందు మాత్రం వేరే పని ఉంది. దాచేటప్పుడు రాసిన నూనె గొట్టంలో ఉంటుంది. నూనె గొట్టం, కడిగిన గొట్టం ఒకటి కావు. పొడి గుడ్డలు రెండు మూడు తోసి, చివరగా స్పిరిట్‌లో తడిపిన గుడ్డ ఒకటి తోసి ఆరనివ్వండి. తర్వాత మందూ గుండూ లేకుండా, మూతిని నేలమీద ఒక గడ్డిపరకకి దగ్గరగా పెట్టి క్యాప్ ఒకటి పేల్చండి. గడ్డిపరక ఊగితే దారి తెరుచుకున్నట్టు. ఊగకపోతే మందు పోయకుండా నిపుల్, అంటే క్యాప్ కూర్చునే బోలు ముక్క, విప్పి సన్నటి తీగతో శుభ్రం చేసుకోండి.

దీని లోటు కూడా చెప్పాలి. చేతికి పని ఎక్కువ. రేంజిలో ఇరవై గుండ్లు వేసేసరికి ఇరవై తడి గుడ్డలు, ఇరవై పొడి గుడ్డలు నల్లబడి కుప్పవుతాయి. అమెరికాలో గడ్డకట్టే చలిలో నీటి తడి పనికిరాదు, గొట్టంలోనే గడ్డకడుతుంది. అక్కడివాళ్లు నీళ్లకి బదులు స్పిరిట్ వాడాలి.

గుడ్డా కొవ్వూ చూసుకునే పద్ధతి

గుండ్రటి సీసం గుండుని గుడ్డలో చుట్టి దట్టించేవాళ్లకి మాత్రమే ఇది. 50 క్యాలిబర్ రైఫిల్ అయితే గొట్టం 12.7 మిల్లీమీటర్లు, గుండు సాధారణంగా 12.45. ఆ మధ్య ఖాళీనీ, లోపలి గాళ్లనీ నింపేది గుడ్డే. మందం 0.38 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. గొట్టం లోపలి మెలిక 48 అంగుళాలకి ఒక చుట్టో, 66 అంగుళాలకి ఒక చుట్టో ఉంటే గుడ్డ గుండు బాగా నడుస్తుంది. 28 అంగుళాలకి ఒక చుట్టు ఉన్న కొత్తరకం రైఫిళ్లు పొడుగు గుండు కోసం చేసినవి. వాటికి తడిగుడ్డ పద్ధతే.

గుడ్డ ఎక్కడ దొరుకుతుందని వెతకక్కర్లేదు. దూది పరుపులకి వేసే చారల గుడ్డ ఉంది చూశారా, మందంగా, నేత దగ్గరగా, అది సరిగ్గా సరిపోతుంది. దారం ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదైతే నూలు. ఉండ కట్టి మెరిసిందంటే పాలియెస్టర్ కలిసింది, గొట్టంలో కరిగి అంటుకుంటుంది. నూలు గుడ్డని రెండుసార్లు వేడి నీళ్లలో ఉతికి గంజి పోగొట్టాలి. గంజి ఉంటే కొవ్వు పీల్చుకోదు.

కొవ్వు దగ్గరే డెల్టా మనిషికి తికమక. ఇంట్లో కొబ్బరి నూనె ఉండగా ఇంకోటి ఎందుకు అనిపిస్తుంది. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టేది, కరిగేది. మేలో పూర్తి నీళ్లు, జనవరి తెల్లవారుజామున సీసాలో తెల్లటి ముద్ద. అంటే పొద్దున్నే వేసిన గుండుకి గట్టి కొవ్వు, పది గంటలకి వేసిన దానికి పలచటి నూనె. మనం వదిలించుకోవాలనుకున్న తేడానే చేత్తో తెచ్చి పెట్టుకున్నట్టు. దానికంటే తేనె మైనం ఒక పాలు, నువ్వుల నూనె గానీ ఆముదం గానీ మూడు పాళ్లు తూకం వేసి, గిన్నెని వేడి నీళ్లలో పెట్టి కరిగించి కలపండి. చలికాలానికి నూనె నాలుగు పాళ్లు చెయ్యవచ్చు. నేరుగా మంట మీద పెట్టవద్దు, మైనం అంటుకుంటుంది. బండి ఇంజిన్ ఆయిల్, గ్రీజు ఈ మందుతో కలిస్తే తారులా మారతాయి, వాటి జోలికి పోకండి.

తేడా ఇంకా తగ్గాలంటే లేత్ షాపుల్లో వాడే, నీళ్లలో కలిసే కటింగ్ ఆయిల్ ఒక పాలుకి ఏడు పాళ్లు నీళ్లు కలిపి, గుడ్డని ముంచి, పళ్లెంలో పరిచి ఆరబెట్టండి. నీరు ఆవిరై నూనె గుడ్డంతా సమంగా మిగులుతుంది. తీగ మీద వేలాడదీస్తే నూనె కింది అంచుకి దిగుతుంది, ఒక్కో ముక్కలో ఒక్కో పాలు ఉంటుంది.

కాల్చాక ఐదు పది మీటర్ల ముందు పడిన గుడ్డలు ఏరండి. అవి అబద్ధం చెప్పవు. నడుమ నల్లగా, చుట్టూ పోగులు చెక్కుచెదరకుండా ఉంటే అంతా కుదిరినట్టు. చిల్లులు పడి అంచులు కాలితే గుడ్డ పలచన, లేదా కొవ్వు చాలలేదు. గీతలు గీతలుగా కోసుకుపోతే గాళ్ల అంచు గానీ మూతి అంచు గానీ పదునుగా ఉంది. మొత్తానికి పీలికలైతే గుండుకి గొట్టంలో పట్టు లేదు, ఇక అది ఎటు పోయినా ఆశ్చర్యం లేదు.

గుడ్డ, కొవ్వు కుదిరాయంటే పది పదిహేను గుండ్లు తుడవకుండా ఒకే బలంతో దిగుతాయి. టార్గెట్ పోటీకి ఇది హాయి. వేటకి వెళ్లే మనవాళ్లకి కొంచెం తక్కువ హాయి. పొద్దున దట్టించి సాయంత్రం దాకా మోస్తే పలచటి కొవ్వు మందులోకి దిగుతుంది. అలా మోసేవాళ్లు మందుకీ గుండుకీ మధ్య ఉత్త పొడి గుడ్డ ముక్క ఒకటి అడ్డు వేసుకోవడం మంచిది.

ఏ పద్ధతిలోనైనా కడ్డీ మీద రెండు గీతలు

ఖాళీ గొట్టంలో కడ్డీ వేసి మూతి దగ్గర ఒక గీత గీయండి. సరిగ్గా దట్టించాక రెండో గీత. 50 క్యాలిబర్‌కి 70 గ్రెయిన్లు, అంటే సుమారు నాలుగున్నర గ్రాముల మందు అనుకుంటే, ఆ కొలత మారనంత వరకు రెండో గీత ప్రతిసారీ మూతి అంచుకే రావాలి. తుపాకీ చేసినవాళ్లు ఇచ్చిన గరిష్ఠ కొలత దాటకూడదు. గుండు మసికి ఇరుక్కుని మధ్యలో ఆగి, రెండో గీత వేలెడు పైన కనబడితే కాల్చకండి. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే ఒత్తిడి ఒక్కచోట గుద్దుకుని గొట్టం అక్కడ ఉంగరంలా ఉబ్బుతుంది, చిట్లవచ్చు కూడా. క్యాప్ పెట్టి ఉంటే ముందు తీసేసి, నొక్కి దింపండి, దిగకపోతే కడ్డీ చివర బిగించే స్క్రూతో గుండు లాగేయండి. ప్రతి గుండుకీ దట్టించే బలం కూడా ఒకేలా ఉండాలి. ఒకసారి గట్టిగా కుక్కి ఇంకోసారి ఆనించి వదిలేస్తే ఆ తేడా అట్ట మీద కనిపిస్తుంది.

అమెరికా మందుల మాట

అక్కడ దుకాణాల్లో పాత మందుకి బదులు వేరేవి దొరుకుతాయి. పైరోడెక్స్ మసి తక్కువ అనిపిస్తుంది గానీ అందులోని పెర్‌క్లోరేట్ కాలి ఉప్పుజాతి లవణం మిగులుస్తుంది, తుప్పు విషయంలో దయ చూపదు. ట్రిపుల్ సెవెన్ నీళ్లతో సులువుగా పోతుంది, కానీ గుండు కూర్చునే చోట గట్టి గార వలయం కడుతుంది. దానికి గుండుకో తడిగుడ్డ తప్పదు. బ్లాక్‌హార్న్ 209 అయితే మధ్యలో తుడవకుండా చాలా గుండ్లు నడుస్తుంది. అది క్యాప్‌కి బదులు 209 ప్రైమర్ అనే ఘాటైన నిప్పు గుళిక పట్టే కొత్తరకం తుపాకులకే, కడగడానికి నీళ్లు కాదు, సాల్వెంటు కావాలి. ఈ మందులన్నీ తూకంతో కాక, అవి తయారుచేసినవాళ్లు చెప్పిన కొలత ప్రకారమే.

మీ తుపాకీకి ఏది నప్పిందో తేల్చుకోవడం

ఒకేరోజు వరసగా ఐదు గుండ్లు వేసి చూస్తే మొదటి గుండు సంగతి తెలియదు. ఒకే అట్ట దాచుకుని, ఐదు వేర్వేరు రోజులు, 50 మీటర్ల నుంచి, ఇసుక సంచి మీద ఆనించి, కడిగి ఆరబెట్టిన గొట్టంతో రోజుకి ఒక్క గుండు అదే అట్ట మీద వేయండి. తర్వాత ఇంకో అట్ట మీద, ప్రతి గుండుకీ తుడుస్తూ ఐదు. మూడో అట్ట మీద, తుడవకుండా ఐదు. మూడు గుంపుల వెడల్పు కొలిచి, నడిమి చుక్కలు గుర్తుపెట్టండి. మొదటి రెండు అట్టల నడిమి చుక్కలు అంగుళం లోపు కలిస్తే తడిగుడ్డ పద్ధతి మీ తుపాకీకి పట్టినట్టే, సైటు అక్కడికి తిప్పి వదిలేయండి. కలవకపోతే సాధారణంగా స్పిరిట్ గుడ్డ సరిగా ఆరలేదు, లేదా మధ్యలో తోసే గుడ్డ తడి ఎక్కువైంది. ఏసీ గదిలోంచి తుపాకీ తీసుకుని నేరుగా మే ఎండలోకి వచ్చినా ఇదే తేడా వస్తుంది. చల్లటి గొట్టం లోపల చెమ్మ పడుతుంది. అరగంట వరండాలో ఉంచి, పొడి గుడ్డ తోసి, అప్పుడు మొదలుపెట్టండి.

కడిగే నీళ్లు

కాల్చిన రోజే కడగాలన్నది అన్ని పద్ధతులకీ ఒకటే. మన దగ్గర అదనంగా చూసుకోవాల్సింది నీళ్లు. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో, రొయ్యల చెరువుల చుట్టుపక్కల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే మసి పోతుంది, ఉప్పు మిగులుతుంది. తాగే క్యాను నీళ్లు రెండు లీటర్లు చాలు. గిన్నెలు కడిగే సబ్బు నాలుగు చుక్కలు వేసి, చెయ్యి పెట్టగలిగినంత గోరువెచ్చగా చేసుకోండి. సలసలా మరిగిన నీళ్లు పోస్తే త్వరగా ఆరుతుందన్న మాట పొడి దేశాల్లో చెల్లుతుంది. ఇక్కడ వేడి ఇనుము మీద నిమిషాల్లో నారింజ రంగు పొర లేస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే భయపడకండి, మసిలోని గంధకపు లవణాలు నీళ్లలో కరుగుతున్నాయన్నమాట. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. పులుపు ఇనుముని తింటుంది, గొట్టంలోకి పంపకండి.

తెల్లటి గుడ్డ తెల్లగా, పొడిగా వచ్చేదాకా తుడిచి, స్పిరిట్ గుడ్డ తోసి, తుపాకీ నూనె పలచగా రాయండి. రెక్సిన్ సంచిలో పెట్టవద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు. మందూ గుండూ లేవని కడ్డీ గీతతో చూసుకుని, తాళం ఉన్న బీరువాలో సిలికా జెల్ సంచి పక్కన మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. అప్పుడు నూనె నిపుల్ వైపు దిగదు. మర్నాడు ఒకసారి, వారానికి మరోసారి పొడి గుడ్డ తోసి చూడండి. గుడ్డ మీద పసుపురంగు నూనె మరక వస్తే ఫరవాలేదు. ఎర్రటి చార వస్తే ఆ రోజే మళ్లీ కడిగి, స్పిరిట్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.